పాత బండికి లావు టైరు.. కుదురు తప్పుతున్న సవారీ

మిర్యాలగూడ: పదిహేనేళ్లుగా పొలానికీ పట్టణానికీ తిరిగిన బండి. వెనుక టైరు నున్నగా అరిగిపోయింది. దుకాణానికి తీసుకెళితే ఎదురయ్యే మొదటి ప్రశ్న ‘పాత సైజే వేయాలా, ఒక సైజు లావుది వేయాలా?’ అన్నదే. లావు టైరు వేస్తే బండి చూపులకు నిండుగా ఉంటుందని, రోడ్డును గట్టిగా పట్టుకుంటుందని, వెనుక బస్తా వేసినా తొణకదని పల్లెల్లో బలమైన నమ్మకం. ధరలోనూ పెద్ద తేడా ఉండదు. దాంతో చాలామంది లావు టైరుకే మొగ్గు చూపుతున్నారు. తీరా నెల తిరక్కుండానే మెకానిక్ వద్దకు వచ్చి ‘మలుపులో బండి పడిపోతున్నట్లుంది, అరవై దాటితే హ్యాండిల్ వణుకుతోంది’ అని మొర పెట్టుకుంటున్నారు. మెకానిక్ షాకబ్జర్లు చూస్తాడు, చైను బిగిస్తాడు, బేరింగులు మారుస్తాడు. కొత్తగా వేసిన టైరును మాత్రం ఎవరూ అనుమానించరు. కొత్తది కదా!

ఇది సోకుకు సంబంధించిన ముచ్చట మాత్రమే అయితే పట్టించుకోనక్కర లేదు. కేంద్ర రవాణా శాఖ లెక్కల ప్రకారం 2022లో దేశంలో రోడ్డు ప్రమాదాల్లో 1,68,491 మంది మరణించారు. వారిలో 44 శాతానికి పైగా ద్విచక్ర వాహనాలపై వెళుతున్నవారే. ఈ మరణాలన్నింటికీ టైర్లే కారణమని ఎవరూ అనరు. అతివేగం, హెల్మెట్ లేకపోవడం, మద్యం, ఎదురు దిశలో రావడం.. కారణాలు అనేకం. అయితే ఎదురుగా గేదె వచ్చినప్పుడో, లారీ అంచుకు నెట్టినప్పుడో బండి మన మాట వినాలా, వద్దా అన్నది తేల్చేది నేలను తాకి ఉన్న ఆ కాస్త రబ్బరే. పాల కేంద్రానికి క్యాన్లు చేర్చేవారు, కూరగాయల గంపలతో తెల్లవారుజామునే మార్కెట్‌కు బయలుదేరేవారు, పిల్లలను బడికి దింపేవారు ఆధారపడుతున్నది ఈ పాత బండ్ల మీదే.

అరచేయంత చోటే ఆధారం

ఆగి ఉన్న బండి టైరు నేలను తాకిన చోటును గమనిస్తే ఆశ్చర్యం కలుగుతుంది. అది అరచేయి కంటే పెద్దది కాదు. దీని వెనుక చిన్న లెక్క ఉంది. టైరు మోసే బరువును లోపలి గాలి ఒత్తిడితో భాగిస్తే నేలను తాకే వైశాల్యం దాదాపుగా వస్తుంది. వెనుక చక్రంపై 100 కిలోల బరువు పడుతూ, గాలి చదరపు సెంటీమీటరుకు 2 కిలోల చొప్పున ఉంటే తాకే చోటు సుమారు 50 చదరపు సెంటీమీటర్లు. టైరు లావుదైనా, సన్నదైనా గాలి అంతే ఉంటే ఈ అంకె పెద్దగా మారదు. మారేది ఆకారం మాత్రమే. సన్నటి టైరుకు అది నిలువుగా ఉంటుంది, లావు టైరుకు అడ్డంగా ఉంటుంది. కనుక ‘లావు టైరుకు రెట్టింపు పట్టు’ అన్న మాటలో నిజం లేదు. పట్టు ఎక్కువగా రబ్బరు మెత్తదనంపైన, టైరు గుండ్రదనంపైన, గాలిపైన ఆధారపడుతుంది.

మరి రేసు బండ్లకు, పెద్ద ఇంజిన్ల బండ్లకు లావు టైర్లు ఎందుకున్నాయని యువకులు అడుగుతుంటారు. వాటి శక్తి వేరు, వేగం వేరు. ముఖ్యంగా వాటి రిమ్ములు వెడల్పైనవి, ఫ్రేము, ఫోర్కులు ఆ టైర్లకు తగినట్లే తయారైనవి. వందకు అటూఇటూ కిలోల బరువు, ఏడెనిమిది గుర్రాల శక్తి ఉన్న బండికి ఆ టైరు తగిలిస్తే అది పెద్దన్న చెప్పులు తొడుక్కుని పరుగెత్తిన పిల్లవాడి చందమే అవుతుంది.

హ్యాండిల్ వదిలినా బండి ఎందుకు నడుస్తుంది?

టైరు మార్పు బండి కుదురును ఎలా చెడగొడుతుందో తెలియాలంటే ముందు ఆ కుదురు ఎక్కడి నుంచి వస్తోందో తెలియాలి. సైకిల్‌ను సీటు పట్టుకుని నడిపించినవారందరికీ ఒక సంగతి అనుభవమే. సీటును ఎడమకు వంచితే హ్యాండిల్ తనంతట తానే ఎడమకు తిరుగుతుంది, కుడికి వంచితే కుడికి తిరుగుతుంది. బండి పడబోయే వైపుకే ముందు చక్రం తిరిగి, బరువు కిందికి వచ్చి నిలబెడుతుంది. మోటారు సైకిల్‌లో కూడా ఈ పని ప్రతి క్షణం మనకు తెలియకుండానే జరుగుతూ ఉంటుంది.

ఇందుకు ఒక ముఖ్య కారణం ముందు ఫోర్కుల వాలు. హ్యాండిల్ తిరిగే గొట్టం గుండా ఒక గీత గీసి నేల వరకు పొడిగిస్తే, అది టైరు నేలను తాకే చోటు కంటే కొంచెం ముందు పడుతుంది. ఈ రెండింటి మధ్య దూరం మన బండ్లలో నాలుగైదు వేళ్ల వెడల్పు ఉంటుంది. తోపుడు బండ్లకు, ఆసుపత్రి స్ట్రెచర్లకు ఉండే చిన్న చక్రాలు ఎటు తోస్తే అటు వెనకబడి తిన్నగా నడుస్తాయి కదా, ఇదీ అలాంటిదే. ఈ దూరం తగినంత ఉంటే బండి తిన్నగా నడుస్తుంది. తగ్గితే హ్యాండిల్ తేలికగా తిరుగుతుంది గానీ వేగంలో నిలకడ తగ్గుతుంది. మరీ పెరిగితే హ్యాండిల్ బరువెక్కుతుంది.

తయారీదారు ఈ దూరాన్ని నిర్ణయించేటప్పుడు రెండు చక్రాల ఎత్తునూ లెక్కలోకి తీసుకుంటాడు. మనం వెనుక ఎత్తైన టైరు వేస్తే బండి వెనుక భాగం లేచి ముందు భాగం వంగుతుంది, ఫోర్కులు నిటారవుతాయి, ఆ నాలుగు వేళ్ల దూరం తగ్గుతుంది. చూడటానికి స్వల్పమే. కానీ పాతికేళ్లుగా బుష్షులు, బేరింగులు అరిగిన బండికి ఆ స్వల్పమే ఎక్కువ.

18 అంగుళాల స్ప్లెండర్ సంగతి

1994లో హీరో హోండా విడుదల చేసిన స్ప్లెండర్ ఇప్పటికీ పల్లెల్లో ఎక్కువగా కనిపించే బండి. ఆ సంస్థ 2011లో హీరో మోటోకార్ప్‌గా మారినా జనం నోట అది ‘హీరో హోండా’గానే మిగిలింది. పాత స్ప్లెండర్‌కు ముందూ వెనుకా 2.75-18 కొలత టైర్లే. చాలామంది దీని వెనుక చక్రానికి 100/90-18 టైరు ఎక్కిస్తున్నారు. ఇది మొదట్లో పల్సర్ వంటి పెద్ద బండ్లకు వచ్చిన కొలత. రిమ్ము అంగుళాలు ఒకటే కనుక టైరు ఎక్కుతుంది. ఎక్కడమే అర్హత అనుకుంటున్నారు. చిక్కు అక్కడే ఉంది.

అలా ఎక్కించినప్పుడు జరిగేది ఇది. 2.75 టైరుకు ఉద్దేశించిన రిమ్ము వెడల్పు సుమారు 1.6 అంగుళాలు. 100/90 టైరుకు 2.15 అంగుళాలకు తక్కువ కాకుండా కావాలి. ఇరుకు రిమ్ములో పడిన లావు టైరు రెండు అంచుల వద్ద నొక్కుకుపోయి, మధ్యలో కోడిగుడ్డు కొనలా పొడుచుకు వస్తుంది. తిన్నగా వెళ్లేటప్పుడు నడిమి పట్టీ మాత్రమే నేలను తాకుతుంది, త్వరగా అరుగుతుంది. మలుపులో వంగినప్పుడు బండి ఆ కొన మీద నుంచి ఒక్కసారిగా పక్కకు జారినట్లు అనిపిస్తుంది. టైరు పక్క గోడలు రిమ్ము కంటే బాగా బయటికి ఉబ్బి ఉంటాయి గనుక బరువు పడగానే అటూఇటూ ఊగుతాయి. వెనుక కూర్చున్న మనిషి కదిలినా ఆ ఊపు హ్యాండిల్ వరకు వస్తుంది. దానికి తోడు 100/90 టైరు పాతదాని కంటే ఎత్తైనది. వెనుక ఇరుసు సెంటీమీటరున్నర వరకు పైకి లేస్తుంది. పైన చెప్పుకున్న ఫోర్కుల వాలు మారేది అందువల్లే. చైను కవరుకో, మడ్‌గార్డుకో రాసుకోవడం, పికప్ తగ్గడం, పెట్రోలు కాస్త ఎక్కువ తాగడం అదనపు బహుమతులు.

బరువు కోసం గట్టి టైరు కావాలనుకునేవారికి 3.00-18 అనే కొలత ఉంది. ఇది 1.6 అంగుళాల రిమ్ముపై కూర్చుంటుంది. మడ్‌గార్డుకు, చైనుకు తగలకుండా చూసుకుంటే వెనుక చక్రానికి ఇది సర్దుబాటయ్యే హద్దు. అంతకు మించి లావు వద్దు. కొత్త స్ప్లెండర్లకు వస్తున్న 80/100-18 ట్యూబ్‌లెస్ టైర్లను చూసి పాత పుల్లల చక్రానికీ ట్యూబు లేకుండా వాడవచ్చని భావిస్తే అది పొరపాటు. పుల్లలు దిగే రంధ్రాల గుండా గాలి పోతుంది. పుల్లల రిమ్ముకు ట్యూబు తప్పదు.

టైరు గోడ మీది రాత

దుకాణంలో నిలబడి చదవగలిగితే మోసపోయే అవకాశం సగం తగ్గుతుంది. 2.75-18 అంటే వెడల్పు 2.75 అంగుళాలు, రిమ్ము వ్యాసం 18 అంగుళాలు. 100/90-18 అంటే వెడల్పు 100 మిల్లీమీటర్లు, ఎత్తు అందులో 90 శాతం. పక్కనే 4పీఆర్, 6పీఆర్ అని ఉంటుంది. ఇది టైరు దారుఢ్యాన్ని తెలిపే అంకె. పూర్వం నూలు పొరల సంఖ్యను సూచించేది, ఇప్పుడు అన్ని పొరలు ఉన్నాయని కాదు, అంతటి బలం ఉందని అర్థం. స్ప్లెండర్ ముందు టైరుకు 42పీ, వెనుక టైరుకు 48పీ అని కూడా కనిపిస్తుంది. 42 అంటే 150 కిలోలు, 48 అంటే 180 కిలోలు మోయగలదని. ‘పీ’ గంటకు 150 కిలోమీటర్ల వేగపు హద్దును సూచిస్తుంది. మన బండి ఆ వేగానికి ఎలాగూ వెళ్లదు.

బరువు అంకె మాత్రం మన జిల్లాల్లో రోజూ దాటిపోతున్నదే. బండి బరువు 110 కిలోలనుకుంటే సగానికి పైగా వెనుక చక్రంపైనే ఉంటుంది. ఇద్దరు మనుషుల 130 కిలోలలో 90 వరకు వెనుకకే వస్తాయి. క్యారియర్‌పై 45 కిలోల యూరియా బస్తా పడితే లెక్క 180 దాటిపోతుంది. బస్తా ఇరుసుకు వెనుక వేలాడుతుంటే మరీ ప్రమాదం. అది వెనుక చక్రాన్ని తన బరువు కంటే ఎక్కువగా నొక్కి, ముందు చక్రాన్ని పైకి ఎత్తుతుంది. హ్యాండిల్ తేలిపోయినట్లుండటానికి కారణం అదే. ఆ బరువుకు లావు టైరు మందు కాదు. బస్తాను వీలైనంత ముందుకు జరపడం, రెండో మనిషిని దించడం మేలు. పాల క్యాన్లు మోసేవారు సగం నిండిన క్యాన్లతో జాగ్రత్తగా ఉండాలి. నిండు క్యాను కంటే సగం క్యానులో పాలు ఎక్కువగా తొణికి బండిని ఊపుతాయి.

మరో నాలుగు అంకెలు కూడా చూడాలి. ఉదాహరణకు 1423 అని ఉంటే 2023లో 14వ వారంలో తయారైందని అర్థం. 2000 సంవత్సరానికి ముందు తయారైన టైర్లపై మూడంకెలే ఉండేవి. మూడంకెల టైరు ఇంకా బండి మీద ఉంటే దానిపై ప్రయాణించకూడదు. ఐఎస్ఐ గుర్తు ఉందో లేదో చూడాలి. టైర్ల నాణ్యతపై 2009లో వచ్చిన కేంద్ర ఉత్తర్వుతో ఇది తప్పనిసరి అయింది. తిరిగే దిశను తెలిపే బాణం గుర్తు కూడా ఉంటుంది. ముందూ వెనుకా వాడదగ్గ టైర్లపై రెండు బాణాలుంటాయి. ముందు చక్రానికి ఒక దిశ, వెనుక చక్రానికి అందుకు వ్యతిరేక దిశ. పంక్చరు వేశాక చక్రాన్ని తిరగేసి బిగించడం తరచూ జరిగేదే, ఇంటికి వచ్చాక బాణం ఒకసారి చూసుకుంటే చాలు.

ముందు చక్రాన్ని చిన్నచూపు చూడొద్దు

‘బరువంతా వెనుకే కదా, ముందు ఏదైతేనేం’ అన్న ధోరణి పల్లెల్లో ఉంది. వెనుక టైరు సగం అరగగానే దాన్ని ముందుకు, కొత్తది వెనుకకు వేయించుకుంటున్నారు. ఇంతకంటే తప్పుడు పొదుపు మరొకటి ఉండదు. బ్రేకు వేసినప్పుడు బరువు ముందుకు వాలుతుంది. బండిని ఆపడంలో ముందు చక్రానిదే పెద్ద పాత్ర. తిప్పడమూ దాని పనే. వెనుక చక్రం కాస్త జారితే చాలాసార్లు సర్దుకోవచ్చు, ముందు చక్రం జారితే సర్దుకునే వ్యవధి ఉండదు. పైగా వెనుక అరిగిన టైరు మధ్యలో చదునై ఉంటుంది. చదునైన టైరును ముందుకు తెస్తే హ్యాండిల్ తిరగడానికి మొరాయించి, ఆపై ఒక్కసారిగా పడిపోతుంది. రీట్రేడ్ చేసిన టైరును ముందు చక్రానికి ఏ పరిస్థితిలోనూ వాడకూడదు.

ముందు టైర్లపై నిలువు గీతలుండటం పాత బండ్లలో మామూలు. తారు రోడ్డుపై తిన్నగా నడిపించడానికి అవి బాగుంటాయి. అయితే గ్రామాల సిమెంటు రోడ్లపై పలకల మధ్య నిలువు పగుళ్లు, మరమ్మతు కోసం గీకి వదిలేసిన తారు రోడ్ల చాళ్లు వచ్చినప్పుడు ఈ గీతలు వాటిని అనుసరించి బండి అటూఇటూ లాగుతుంది. భయపడి హ్యాండిల్ బిగపట్టక, వేగం తగ్గించి వదులుగా పోనిస్తే చాలు. పొలం బాటల్లో తిరిగేవారు ఎత్తైన బటన్ల టైర్లను ఇష్టపడుతున్నారు. బురదలో వాటికి సాటి లేదన్నది నిజమే. తారు రోడ్డెక్కగానే ఆ బటన్లు ఒక్కొక్కటీ వంగి బండి మెత్తగా ఈదుతున్నట్లుంటుంది, వానలో జారుతుంది. రోజులో సగానికి పైగా బాటల్లోనే తిరిగేవారికి తప్ప మిగిలినవారికి అవి అనవసరం.

నిగనిగలాడే పాత టైరు

కేంద్ర మోటారు వాహనాల నియమావళి, 1989 ప్రకారం ద్విచక్ర వాహనాల టైర్ల గాడి లోతు కనీసం 0.8 మిల్లీమీటర్లు ఉండాలి. ఇది దాదాపు ఏటీఎం కార్డు మందం. టైరు అంచున చిన్న త్రికోణం లేదా టీడబ్ల్యూఐ అన్న అక్షరాలున్న చోట గాడి అడుగున ఒక గట్టు కనిపిస్తుంది. నేలను తాకే రబ్బరు ఆ గట్టుతో సమమైతే టైరు పని అయిపోయినట్లే. చట్టం చెప్పేది చివరి హద్దు మాత్రమే. వానాకాలం ముందు దానికి రెట్టింపు లోతు మిగిలి ఉండేలా చూసుకోవడం విజ్ఞత.

లోతు ఉన్నంత మాత్రాన టైరు మంచిదని కాదు. రబ్బరుకు వయసు ఉంటుంది. ఎండ, గాలి తగిలి అది గట్టిపడుతుంది, గోడలపై వెంట్రుక వాసి పగుళ్లు వస్తాయి. వేసవిలో 44, 45 డిగ్రీల ఎండలో పొద్దంతా నిలిపే బండ్లకు ఇది ఇంకా త్వరగా వస్తుంది. గోటితో నొక్కితే గాటు పడని టైరు తడి రోడ్డుపై పట్టు ఇవ్వదు. అయిదేళ్లు దాటిన టైరును ఏటా పరీక్షించాలని, ఎంత బాగా కనిపించినా పదేళ్లు దాటితే తీసేయాలని ప్రముఖ తయారీ సంస్థలు సూచిస్తున్నాయి.

ఈ విషయంలో ఎక్కువగా పప్పులో కాలేస్తున్నది ఆర్ఎక్స్ 100 అభిమానులు. 1985లో వచ్చి 1996లో తయారీ ఆగిపోయిన ఈ యమహా బండిని నేడు బంగారంలా చూసుకుంటున్నారు. పెయింటు, క్రోము, స్టిక్కర్లకు వేలకు వేలు వెచ్చిస్తారు. టైరు మాత్రం ‘ఒరిజినల్’ అని పాతదే ఉంచుతారు, లేదా సన్నగా ఉందని తీసేసి లావుది వేస్తారు. దీనికి ముందు 2.50-18, వెనుక 2.75-18 కొలతలు. వంద కిలోల తేలికపాటి బండి, 11 గుర్రాల చురుకైన ఇంజిన్. అది చేపపిల్లలా వంపులు తిరగడానికి సన్నటి టైర్లే కారణం. ఆ గుణం కోసమే బండిని వెతికి కొన్నవారు మొదట దాన్నే పోగొట్టుకోవడం విచిత్రం!

పాత బుల్లెట్‌ది వేరే కథ. దానికి రెండు వైపులా 3.25-19 టైర్లు. వెనుక లావు టైరు కావాలంటే 18 అంగుళాల వెడల్పు రిమ్ముకు మారక తప్పదు కనుక టైరు నొక్కుకుపోయే బాధ ఉండదు. కానీ కొత్త రిమ్మును పుల్లలతో కట్టేటప్పుడు మధ్యరేఖ తప్పితే ముందు చక్రం ఒక గాడిలో, వెనుక చక్రం మరో గాడిలో నడుస్తాయి. ఆ పని తెలిసిన చేతులకే అప్పగించాలి.

గాలి లేని చోట ఏ టైరూ పనికిరాదు

ఇంత చెప్పుకున్నా మన బండ్లలో అధిక భాగానికి ఉన్న రోగం ఒక్కటే.. గాలి తక్కువ. బొటనవేలితో నొక్కి ‘బాగానే ఉంది’ అనడం అలవాటు. ఇరవై పౌండ్లున్న టైరుకూ, ముప్పై పౌండ్లున్న టైరుకూ బొటనవేలికి తేడా తెలియదు. పాత స్ప్లెండర్‌కు ముందు 25 పౌండ్లు, ఒక్కరే వెళితే వెనుక 28, ఇద్దరైతే వెనుక సుమారు 40 పౌండ్లు ఉండాలి. ఒక్కరికీ ఇద్దరికీ ఇంత తేడా ఉందన్న సంగతి చాలామందికి తెలియదు. 28 పౌండ్లతో ఇద్దరు ఎక్కి, పైగా బస్తా వేస్తే టైరు గోడలు నలిగి, వేడెక్కి, లోపల ట్యూబు రిమ్ముపై జరుగుతుంది. గాలి పోసే వాల్వు నిటారుగా కాక పక్కకు వాలి కనిపిస్తే ట్యూబు జరిగిందని గుర్తు. కొద్ది రోజుల్లో వాల్వు మొదట చిరిగి గాలి ఒక్కసారిగా పోతుంది. ట్యూబు టైరులో గాలి పోవడానికి రెప్పపాటు చాలు.

గాలి ఎక్కువైనా ఇబ్బందే. బండి గట్టిగా ఎగిరిపడుతుంది, తాకే చోటు తగ్గుతుంది. చల్లగా ఉన్నప్పుడు, అంటే ఉదయం బయలుదేరకముందో, రెండు కిలోమీటర్ల లోపు తిరిగాకో గాలి చూడాలి. ఎండలో దూరం వచ్చిన టైరులో ఒత్తిడి పెరిగి ఉంటుంది, అప్పుడు గాలి తీసేయరాదు. పెట్రోలు బంకుల్లో ఉచితంగా గాలి నింపే ఏర్పాటు ఉండాలన్నది నిబంధన. పదిహేను రోజులకోసారి అడిగి నింపించుకోవడం వినియోగదారుడి హక్కు. సెల్‌ఫోన్‌కు ఏడాదిలో మూడుసార్లు అద్దం మార్చేవారు రెండు నిమిషాలు గాలి కోసం ఆగడం కష్టమేమీ కాదు.

నేరం టైరుది కాకపోవచ్చు

సరైన టైరు, సరైన గాలి ఉన్నా బండి ఊగుతోందంటే కీళ్లు చూడాలి. ఇందుకు మెకానిక్ అక్కరలేదు. బండిని సెంటర్ స్టాండుపై నిలిపి, వెనుక ఒకరు నొక్కి పట్టుకుంటే ముందు చక్రం గాలిలోకి లేస్తుంది. హ్యాండిల్‌ను మెల్లగా ఈ చివర నుంచి ఆ చివరకు తిప్పాలి. నడిమధ్యలో గుంతలో పడి ఆగినట్లుంటే కోన్‌సెట్ అరిగింది. ఫోర్కులను కింద పట్టుకుని ముందుకూ వెనుకకూ లాగితే ‘టక్’మన్నా అదే జబ్బు. పుల్లలను పానాతో తడితే అన్నీ ఒకే తీరుగా మోగాలి, బొద్దుగా పలికినది వదులైంది. వెనుక చక్రాన్ని రెండు చేతులా పట్టి పక్కలకు ఊపితే కదలిక ఉంటే బేరింగో, వెనుక ఫోర్కు బుష్షులో పోయినట్లు. ఆ బుష్షులు పోయిన బండికి ఎంత మంచి టైరు వేసినా కుదురు రాదు.

ఇక పంక్చరు తర్వాత చక్రం వంకరగా బిగియడం. వెనుక ఇరుసు రెండు చివరలా చైను బిగించే చోట గీతలుంటాయి. రెండు పక్కలా ఒకే గీత దగ్గర ఉండాలి. ఆ గీతలనూ నమ్మలేకపోతే తాపీమేస్త్రీ వాడే నూలు దారం తీసుకుని వెనుక టైరుకు చక్రం మధ్య ఎత్తుకు వీలైనంత దగ్గరగా ఆనించి ముందు టైరు వరకు లాగి చూడాలి. రెండు వైపులా ఇలా చేస్తే, దారానికీ ముందు టైరుకూ మధ్య సందు రెండు పక్కలా సమంగా ఉండాలి. లేకుంటే వెనుక చక్రం ఓరగా నడుస్తోందని అర్థం. పది నిమిషాల పని. వందలు పోసి విడిభాగాలు మార్చించడానికి ముందు దీన్ని చేసి చూడటం మంచిది.

వణుకు మొదలైతే

నడుస్తుండగా హ్యాండిల్ అటూఇటూ కొట్టుకోవడం మొదలైతే చాలామంది వెంటనే ముందు బ్రేకు బలంగా నొక్కుతారు, లేదా హ్యాండిల్‌ను శక్తికొద్దీ బిగపడతారు. రెండూ వణుకును పెంచేవే. యాక్సిలరేటర్ మెల్లగా వదలాలి, మోకాళ్లతో ట్యాంకును అదిమి పట్టాలి, ఒంటిని కాస్త ముందుకు వంచి బరువు ముందు చక్రంపై పడేలా చూడాలి. వేగం తగ్గేకొద్దీ చాలావరకు వణుకు దానంతట అదే సర్దుకుంటుంది. అద్దంకి - నార్కట్‌పల్లి రహదారి వంటి నాలుగు వరుసల రోడ్లు వచ్చాక పాత బండ్లు కూడా ఎనభై కిలోమీటర్ల వేగం అందుకుంటున్నాయి. గతుకుల రోడ్డుపై నలభైలో బయటపడని లోపం ఈ నున్నటి రోడ్డుపై బయటపడుతోంది.

కోతల కాలంలో మరో గండం. రోడ్డు సగం మేర ధాన్యం ఆరబోస్తారు. గింజల మీద ఎంతటి టైరైనా గోలీల మీద నడిచినట్లే. కేజ్‌వీల్ ట్రాక్టర్లు పొలం నుంచి తెచ్చి రాల్చిన బురదా అంతే. అక్కడ టైరును నమ్ముకోకుండా ముందే వేగం తగ్గించి, బ్రేకు వేయకుండా, వంగకుండా తిన్నగా దాటాలి. వేసవి తర్వాత తొలి వాన పడిన అరగంట కూడా ఇంతే, దుమ్మూ నూనే కలిసి తారుపై జిగురుగా తేలుతాయి.

రెండు వేల రూపాయలకు అటూఇటూగా దొరికే సరైన కొలత టైరును వేయించుకున్నాక కూడా మొదటి 150 కిలోమీటర్లు నెమ్మదిగా వెళ్లాలి. అచ్చులో నుంచి తీసేటప్పుడు పూసిన పదార్థం పైన మెరుపుగా ఉండి జారుడుగా ఉంటుంది. కొత్త టైరుకు కొత్త ట్యూబే వేయించాలి, అతుకుల ట్యూబు సాగి మడతపడి మళ్లీ పంక్చరవుతుంది. బిగించాక చక్రాన్ని తిప్పి చూస్తే రిమ్ము అంచు వెంట టైరుపై ఉండే సన్నని గీత చుట్టూరా ఒకే దూరంలో కనిపించాలి. ఒకచోట లోపలికి దాగి ఉంటే టైరు సరిగా కూర్చోలేదు. దుకాణం దాటకముందే గాలి తీసి, అంచుకు సబ్బు నీళ్లు రాసి మళ్లీ నింపమని అడగాలి.